నడిబజారులో సంసారము

మన భాషకు బజారుపై ఏదో పాతకక్ష ఉన్నట్లు తోస్తున్నది. సంసారము బజారున పడినదంటే పరువు పోయినదని అర్థము. బజారు మాటలంటే వినదగని మాటలు. ఒకనిని నడిబజారులో నిలబెట్టుట కంటె పెద్ద అవమానము లేదు. ఇల్లు గుట్టుకు, బజారు రట్టుకు నిలయములని పెద్దలెప్పుడో తీర్మానించినారు కాబోలు. బజారు అన్న మాట పారసీకమునుండి వచ్చినది గనుక నిందలన్నీ దానికి అంటగట్టి, మన అంగడిని మాత్రము చల్లగా కాపాడుకొన్నామేమో! అంగట్లో అన్నీ ఉన్నా అల్లుని నోట శని అన్న సామెతలో కూడ తప్పు అల్లునిదే గాని అంగడిది కాదు.

నేను చెప్పదలచినది ఇందుకు భిన్నమైన సంగతి. ఒక తరము మధ్యతరగతి దంపతులకు ఇంటిలో దొరకని ఏకాంతము బజారులో దొరికినది. ఈ మాట విని నేటి యువకులు నవ్వవచ్చును. 1974లో మాకు వివాహమైననాటికి హైదరాబాదు నల్లకుంటలో మా కాపురము రెండు గదులు, ఒక వసారా. అందులో మా అమ్మ, ఇద్దరు తమ్ముళ్ళు, చదువుకొంటున్న చెల్లెలు, మేమిద్దరము. భార్యాభర్తలు పగటిపూట ఎదురెదురుగా కూర్చుండి మాటలాడుకొనుట ఆనాటి ఇండ్లలో అంత మర్యాదైన పని కాదు. ఆమె నాతో చెప్పవలసినది మా చెల్లెలితో చెప్పేది. నేను ఆమెతో చెప్పవలసినది గోడతో చెప్పేవాడను. “పప్పులో ఉప్పు చాలినట్లు లేదు” అన్న వాక్యమును ఎవరినుద్దేశించి పలికినారో తేల్చుట ఏ వ్యాకరణవేత్తకూ సాధ్యము కాదు.

అటువంటి ఇంటిలో కొత్త కోడలు గడప దాటుటకు కారణమొకటి కావలెను. గుడికి పోవచ్చును గాని, గుడికి అత్తగారు కూడ వస్తారు. సినిమాకు పోదామంటే మరుదులు ఊరుకోరు. ఎవరూ వెంటబడి రాని పని ఒక్కటే ఉన్నది: ఇంటికి కావలసిన చిల్లర సామాను తెచ్చుట. స్టవ్వుకు ఒత్తులు కొనవలెను. గొడుగుకు చువ్వ వేయించవలెను. చెల్లెలి రవికెకు చీర రంగు గుడ్డ వెదకవలెను. ఇందులో వినోదమేమీ కనపడదు గనుక ఎవరికీ ఆశ పుట్టదు. జీతము వచ్చిన తరువాతి శనివారము ఎండ వాలగానే మా అమ్మయే “ఇంక పోయిరండి, చీకటి పడుతుంది” అని తొందరపెట్టేది. రెండు గంటలలో ముగియవలసిన పనికి నాలుగు గంటలు పట్టినా, ఎందుకు ఆలస్యమైనదని ఆమె ఒక్కనాడును అడుగలేదు.

మేము పోయేది కోఠీకి. ఆ పేరునకు మూలమైన కోఠీ, అనగా మేడ, నేటికిని అక్కడే ఉన్నది. నిజాము దర్బారులో బ్రిటిషు రెసిడెంటుగా ఉండిన జేమ్స్ అకిలీజ్ కిర్క్‌పాట్రిక్ పందొమ్మిదవ శతాబ్ది మొదటి సంవత్సరములలో దానిని కట్టించ మొదలుపెట్టినాడు. ఆతడు ఖైరున్నిసా అనే కులీన కన్యను ముస్లిము సంప్రదాయము ప్రకారము వివాహమాడినాడు. ఆమె ఘోషా స్త్రీ. ముందు భాగములోని మహాసౌధమును ఆమె స్వేచ్ఛగా తిరిగి చూచుటకు వీలులేదు గనుక, అంతఃపురపు తోటలో ఆ సౌధమునకే ఒక చిన్న నమూనా కట్టించి ఇచ్చినాడని చెబుతారు. 1805లో ఆతడు కలకత్తాలో మరణించినాడు. ఆ నమూనా మాత్రము శిథిలమై కూడ నిలిచి, మన కాలములో మరమ్మతు పొందినది. భార్యను బయటికి తీసుకొనిపోలేని భర్త బయటనున్న దానినే చిన్నది చేసి లోపలికి తెచ్చినాడన్నమాట! రెసిడెన్సీ భవనములోనికి 1949లో మహిళా కళాశాల వచ్చినది. ఒక స్త్రీకి దూరము నుండి నమూనాలో మాత్రమే చూడదగినదైన ఆ మేడ మెట్లపై ఆ తరువాత వేలకొలది ఆడపిల్లలు పుస్తకములు పట్టుకొని ఎక్కి దిగినారు. 2022లో ఆ కళాశాల విశ్వవిద్యాలయమైనది. 2024 నుండి అది చాకలి ఐలమ్మ పేర వెలుగుతున్నది.

ఆ మేడ చుట్టు పెరిగినదే రెసిడెన్సీ బజారు. అక్కడ చెల్లుబాటయ్యేది నిజాము అధికారము కాదు, రెసిడెంటు అధికారము. అందువలన షావుకార్లు, వర్తకులు ఆ హద్దులలో చేరి దుకాణములు తెరచినారు. సరకుతోపాటు భావములకు కూడ అక్కడ కొంత రక్షణ ఉండేది. 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము ఈ ప్రాంతమునే ఆశ్రయించుకొని వర్ధిల్లినదంటే ఆశ్చర్యము లేదు. 1933లో ఆ బజారు తిరిగి నిజాము వశమై సుల్తాన్ బజారైనది. పేరు మారినది గాని బేరములు మారలేదు.

మా నడక ఒక క్రమములో సాగేది. బస్సు దిగగానే ముందు ఇంటివారి పనులన్నీ ముగించేవారము. ఒత్తులు, చువ్వ, గుడ్డ, మా అమ్మ చెప్పిన ఇంగువ. ఇవి సంచిలో పడిన తరువాత మిగిలిన సాయంకాలము మాది. బడీచౌడీలో ఆమె గాజులు చూచేది. చూచుట వేరు, కొనుట వేరు. దుకాణదారు పెట్టెల మీద పెట్టెలు దింపుతూ ఉంటే, చేతికి తొడిగి, వెలుగులో త్రిప్పి, తీసి ఇచ్చేది. పది చూచి ఒకటి కొంటే ఎక్కువ. ఆ పది జతలు వేసుకొన్నంత సంతోషము ఇంటికి వచ్చేవరకు ముఖముపై ఉండేది. నేను గడియారము చూడక ప్రక్కన నిలుచుట నేర్చుకొన్నాను. వివాహ జీవితములో నేను సంపాదించిన మొదటి విద్య అదే.

అక్కడినుండి ఇరానీ హోటలు. పాలరాతి బల్లలు, గోడకు నిలువుటద్దములు, లోపల తెరలు కట్టిన ఫ్యామిలీ గదులు. రెండు కప్పులకు డబ్బు లేక కాదు, వన్ బై టూ చెప్పుటలో ఒక సుఖము ఉండేది. ఒకరు కప్పులో, ఒకరు సాసరులో. ఉస్మానియా బిస్కట్టును ఆమె టీలో ముంచుతూ ఇంటిలో చెప్పలేని మాటలన్నీ అక్కడ చెప్పేది. తన తండ్రి ఉత్తరము వ్రాసిన సంగతి, పెద్ద తమ్ముడు సిగరెట్టు కాలుస్తున్నాడన్న అనుమానము, తాను బి.ఎ. పూర్తి చేయవలెనన్న కోరిక. ఆమె పరీక్షకు కట్టవలెనని నిశ్చయమైనది ఆ తెర వెనుకనే. ఆ కోరికకు ఇంటిలో ఎవరి అంగీకారము ముందు కావలెనో, ఎవరి చేత ఎవరికి చెప్పించవలెనో వ్యూహము పన్నుటకు మూడు శనివారములు పట్టినది.

డబ్బు మిగిలిన నెలలో ఆబిద్సు దాకా నడిచేవారము. ఆరవ నిజాము కొలువులోని ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మీనియను పెట్టిన దుకాణము వలన ఆ వీథికి ఆ పేరు వచ్చినది. దుకాణము పోయి ఎంతో కాలమైనది. మేము సినిమాలు చూచిన ప్యాలెసు, జమ్రుద్ మహల్ కూడ ఇప్పుడు లేవు. ఆ ప్రక్క మొజంజాహీ మార్కెటు 1935లో కట్టిన రాతి కట్టడము. 2020 నాటికి దానికి తిరిగి మెరుగు పెట్టినారు. అక్కడ పండ్ల గుజ్జుతో చేసిన ఐస్‌క్రీము తినుట మాకు ఏడాదికి ఒకసారి, సీతాఫలము రోజులలో. ఉపాధ్యాయుడనైన నాకు మరియొక ఆకర్షణ కలదు. ఆదివారము పెద్ద దుకాణములు మూతపడినప్పుడు వాటి ముందు కాలిబాటపై పాత పుస్తకముల సంత జరిగేది. ఆ సంత ఇప్పటికిని ఉన్నది. అక్కడికి మాత్రము ఆమె వచ్చేది కాదు. “గాజుల దగ్గర నేను పెట్టే సమయానికి ఇక్కడ మీరు వడ్డీ కట్టి వసూలు చేస్తారు” అనేది.

తిరుగు ప్రయాణములో ఒక చిక్కు ఉండేది. చేతిలో మిగిలిన చిల్లర బస్సుకైనా రావలెను, పూలకైనా రావలెను. పావలాకు మూర మల్లెలు. పూలు కొన్న రోజున కాచిగూడ మీదుగా, బర్కత్‌పురా మీదుగా ఇంటికి నడక. సంచి నా చేతిలో, పూలు ఆమె జడలో. ఆ దూరములో మాటలు అయిపోయి ఊరక నడిచిన ఘడియలే ఎక్కువ జ్ఞాపకమున్నవి.

ఇదంతా వ్రాసి ఆమెకు చదివి వినిపించగా పూర్తిగా ఒప్పుకొనలేదు. “టీ, పూలు మీకు జ్ఞాపకం. ఆ నాలుగు గంటలు ఆడవాళ్ళకి పోవడానికి ఒక చోటు లేదండీ అక్కడ. అందుకే నేను సగం కప్పే తాగేదాన్ని. గుంపులో మోచేతులు తగలకుండా సంచి ఎటు పట్టుకోవాలో అది నాకు జ్ఞాపకం” అన్నది. ఇది కూడ బజారు చరిత్రలో చేరవలసిన సంగతియే. మన సాహిత్యములో ఊరి వీథులను తిరిగి చూపిన గొప్ప కావ్యము క్రీడాభిరామము. మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు అంతా తిరిగి, కనపడినదానిపై ఒక్కొక్క వ్యాఖ్య చేస్తారు. ఇద్దరును మగవారే. వారిలో ఒకని ఇల్లాలు వెంట నడచి ఉంటే ఆ నగరము మరియొక విధముగా కనపడి ఉండేది.

కొన్నేండ్ల క్రిందట అమెరికాలో మా అమ్మాయి ఉండే చిన్న పట్టణమునకు పోయినప్పుడు డౌన్‌టౌను అన్న మాట విన్నాను. మన్‌హట్టను ద్వీపములో మొదటి ఊరు దక్షిణపు కొనన వెలసి, ఇండ్లు ఉత్తరముగా పెరుగుతూ పోయినవి. పైనున్నవారికి పాత ఊరు క్రిందిదైనది. ఆ మాటయే దేశమంతట ఊరి నడిబొడ్డుకు పేరైనది. మా అమ్మాయి ఊరిలో ఆ నడిబొడ్డు చక్కని ఎర్ర ఇటుకల వీథి. సగము దుకాణములకు తాళములు. 1956లో ఆ దేశమున రెండు పనులు జరిగినవి. మహారహదారుల చట్టము వచ్చినది. మినియాపొలిసు నగరము చెంత ఎడైనాలో, నాలుగు ప్రక్కల మూసి లోపల ఎల్లప్పుడు ఒకే వాతావరణము ఉంచిన సౌత్‌డేల్ అనే మాలు తెరచినారు. కారున్నవారందరు ఊరి వెలుపలికి పోయినారు. విచిత్రమేమంటే ఆ మాలును రూపొందించిన విక్టర్ గ్రూయెన్ వియన్నా నగరమువాడు. కాలినడకన తిరిగే తన ఊరి వీథుల వంటి కూడలిని అమెరికాకు ఇవ్వదలచినాడు. తరువాత కార్ల మైదానముల నడుమ మొలచిన మాలులను చూచి, అవి తన బిడ్డలు కావని త్రోసిపుచ్చి, వియన్నాకే మరలిపోయినాడు. కాని ఆ దేశములోనే ఒక పెద్ద సరుకుల కొట్టులో ఎనుబది ఏండ్ల దంపతులు ఒకే బండిని చెరొక చేయి వేసి తోసుకొంటూ, రెండు రకముల జామ్ సీసాలను గురించి పది నిమిషములు వాదించుకొనుట చూచినాము. మా ఆమె నా మోచేయి తాకి, “వాళ్ళకిదే కోఠీ” అన్నది.

మన హైదరాబాదులో కోఠీ తాళము పడలేదు. పండుగ రోజులలో నేటికిని అడుగు పెట్ట వీలుండదు. కాని 1998లో సైబర్ టవర్స్ తెరచిన తరువాత నగరము పడమటికి ఒరిగినది. జీతములు అటు, ఇండ్లు అటు, మాలులు అటు. సుల్తాన్ బజారు వర్తకులు ఏండ్ల తరబడి అభ్యంతరము చెప్పిన మెట్రో మార్గము 2020 ఫిబ్రవరిలో వారి కప్పుల మీదుగానే ప్రారంభమైనది. ఇప్పుడు మేము కుమారునితో చిక్కడపల్లిలో ఉన్నాము. రెండవ స్టేషనే సుల్తాన్ బజారు, నాలుగైదు నిమిషములు. దగ్గరైన తరువాత పోవుట తగ్గినది. ఆమెకు మోకాళ్ళు నొప్పి. ఒత్తులు, ఇంగువ ఫోనులో కోరితే గుమ్మమునకు వస్తున్నవి. కుమారునికి, కోడలికి తమ గది తమకున్నది, తలుపు వేసికొనవచ్చును, మాటలాడుకొనుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. ఆ గదికొరకు మేము ఆనాడు ఏమైనా ఇచ్చి ఉండేవారము. ఐనను, ఎప్పుడైన కోడలు “అత్తయ్యా, మేమిద్దరం అట్లా కూరగాయలు తెచ్చుకొంటాం” అని సంచి తీస్తే, మా ఆమె వెంటనే ఫ్రిజ్జు తెరచి చూచి, “అవును, ఏమీ లేవు, పోయిరండి” అంటుంది. ఫ్రిజ్జు నిండుగా ఉన్న రోజున కూడ అన్నది.

నిరుడు మనుమరాలి పెండ్లికి ఇత్తడి కాఫీ ఫిల్టరు కొనుటకు ఆమె పట్టుపట్టి బయలుదేరినది. మెట్రో దిగి, ఆటోలో బేగంబజారు చేరినాము. మా కాలములో పాత్రపై పేరు చెక్కేవాడు అక్షరమునకు ఇంత అని పుచ్చుకొనేవాడు. మేము మొదట కొన్న బియ్యపు డబ్బాపై అందుకే రెండే అక్షరములు: ఆమె పేరులో మొదటిది, నా పేరులో మొదటిది. ఇప్పుడు వెల అక్షరములను బట్టి కాదు. ఎంత వ్రాసినా ఒకటే. పెండ్లికూతురు పేరు, పెండ్లికుమారుని పేరు, తేదీ, క్రింద మా ఇద్దరి దీవెన అని ఆమె పెద్ద జాబితా చెప్పినది. యువకుడు యంత్రము ఆపి, “తెలుగులో రాసి చానా దినాలైందమ్మా, కాగితం మీద రాసియ్యండ్రి” అన్నాడు. ముప్పదియైదేండ్లు తెలుగు చెప్పినవాడను. బిల్లు వెనుక గుండ్రని అక్షరములతో వ్రాసి ఇచ్చినాను. అతడు నాలుక కొరుకుకొంటూ చెక్కినాడు. చూస్తే ఒకచోట ఒత్తు జారి ప్రక్క అక్షరము క్రిందికి పోయినది. నేను నోరు తెరువబోగా ఆమె పాత్ర అందుకొని, కొంగుతో తుడిచి, సంచిలో పెట్టుకొన్నది.

“ఊరుకోండి. ఒత్తు జారినంత మాత్రాన కాఫీ కారిపోదు” అన్నది.