డాబా మీది ఆఫీసు

2020 మార్చిలో లాక్‌డౌన్ పడగానే మాదాపూర్, గచ్చిబౌలి హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. ల్యాప్‌టాపులతో పిల్లలు సొంతూళ్లకు చేరారు. సిగ్నల్ కోసం డాబా, కరెంటు పోతే ఇన్వర్టర్... పని ఆగలేదు. పైగా అద్దె మిగిలింది, అమ్మ చేతి వంట!

ఆ ఏడాదే టీసీఎస్, 2025కల్లా పాతిక శాతం మంది ఆఫీసులో ఉంటే చాలంది. 2023 అక్టోబరు వచ్చేసరికి వారానికి అయిదు రోజులూ రమ్మంది. 2024లో, హాజరు 60 శాతం లోపు ఉంటే ఆ మూడు నెలల వేరియబుల్ పే లేదంది.

అమెరికా ఉద్యోగులది వేరే బెంగ. ఇంట్లో కూర్చుని చేసే పనైతే హైదరాబాదులో చేయిస్తే పోలా అని యజమాని అనుకుంటాడేమోనని. ఆ మాటకొస్తే మన ఉద్యోగాలు చాలావరకు పుట్టిందే ఆ లెక్కలోంచి!

ఇన్వర్టర్ మాత్రం ఊళ్లోనే ఉండిపోయింది. ఇప్పుడది అమ్మానాన్నల టీవీకి.