ఎండల ఊళ్ళో తుప్పెట్లా పడుతుంది? రందా మిషన్‌ని కాపాడుకుందాం

"ఆదోనిలో తుప్పేందన్నా, ఇక్కడ వానే సరిగ్గా పడదు గదా" అంటారు చాలామంది. నిజమే, మనకి సముద్రపు ఉప్పుగాలి లేదు. అయినా ఇంటి వెనక రేకుల షెడ్డులో ఉన్న రందా మిషన్ టేబుల్ మీద వానాకాలంలో చెయ్యి పెట్టి చూడండి, ఎర్రగా అంటుకుంటుంది.

తుప్పు పట్టాలంటే వాన మిషన్ మీదే పడాల్సిన పనిలేదు. గాలిలో తేమ 60 శాతం దాటితే చాలు, ఇనుము మీద కంటికి కనపడని నీటి పొర చేరుతుంది. సెప్టెంబర్‌లో రాత్రి వాన పడిందనుకోండి. పోత ఇనుము దళసరిది, పొద్దున దాకా చల్లగానే ఉంటుంది. షట్టర్ ఎత్తగానే వెచ్చటి తడిగాలి లోపలికొస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి చెమట పట్టినట్టే, టేబుల్‌కీ పడుతుంది.

ఎండాకాలంలో ఇంకో కథ. 40 డిగ్రీలు దాటాక కూలర్ పెట్టుకుంటాం. అది గాలిలోకి నీళ్ళు కలిపే చల్లబరుస్తుంది. దాన్ని మిషన్ వైపు తిప్పి, రోజూ తుడిచినా తుప్పెందుకొస్తోందని అడిగితే నేనేం చెప్పను? మీ వైపు తిప్పుకోండి, కిటికీ తెరిచి పెట్టండి.

పచ్చి వేప, తుమ్మ కోసి పొట్టు అట్లే వదిలేస్తే, తడిగుడ్డ కప్పినట్టే. పైగా తుమ్మలోని టానిన్ ఇనుముతో కలిసి నల్లమచ్చ చేస్తుంది.

మచ్చే కదా అనుకోవద్దు. టేబుల్ గరుకైతే చెక్క కదలదు, మనం బలంగా తోస్తాం. పట్టు విడిచి ఒక్కసారి జారిందా, చెయ్యి బ్లేడు మీదికే.

ముందు ప్లగ్ పీకేయండి. గుడ్డకి కొంచెం కిరోసిన్ అద్ది, గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బర్‌తో ఒకే దిక్కుకి రుద్దండి. దగ్గర్లో బీడీ, సిగరెట్ వద్దు. పూర్తిగా తుడిచి ఆరాక మైనం పాలిష్ పల్చగా పూసి, పది నిమిషాలాగి పొడిగుడ్డతో మెరిసేదాకా రుద్దండి. వంటనూనె వద్దు, జిగురెక్కి పొట్టంతా పట్టుకుంటుంది. సిలికాన్ స్ప్రే కూడా వద్దు. చెక్కకి అంటితే తర్వాత పాలిష్ నిలవదు.

చాలామంది ప్లాస్టిక్ పట్టా కప్పుతారు. లోపల తేమ బయటికి పోక ఇంకా పాడవుతుంది. ఎమ్మిగనూరు మగ్గాల మీద నేసిన పాత నూలు దుప్పటి ఉంటే అది కప్పండి, గాలాడుతుంది. తడిసిందంటే మాత్రం వెంటనే తీసి ఎండకేయండి.