పడవ మోటారుకు పెట్రోలు అందనప్పుడు



కాటారము నుండి మహదేవపురము మీదుగా పోయినచో కాళేశ్వరము కడ గోదావరి కానవచ్చును. ప్రాణహిత వచ్చి కలియునదియు నచ్చటనే. నదిపై వంతెన పడకమునుపు ఆవలి సిరోంచకు పోవలెనన్న పడవయే దారి. వంతెన వచ్చినను పడవతో పని తీరలేదు. చేపలవేట యటుండనిండు. 2023 జూలై 27వ తేదీన మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచినప్పుడు ఇండ్ల కప్పులెక్కిన జనమును దెచ్చుటకు హెలికాప్టర్లును పడవలును రావలసివచ్చెను. అట్టి దినమున, ఏడాది పొడుగునను మూలనున్న మోటారును దింపి త్రాడు లాగగా, అది నాలుగుమార్లు దగ్గి యూరకున్నచో ఏమి గతి? నడి ప్రవాహమున నిలిచిపోయినచో మరియు నపాయము గదా! పలుమారు లిందుకు కారణము యంత్రము చెడుట కాదు. దానికి పెట్రోలు సరిగా నందకపోవుటయే.

పడవ వెనుక తగిలించు నీ చిన్న మోటారును 1909లో అమెరికాలోని మిల్వాకీ నగరమున నార్వేలో పుట్టిన ఓలే ఎవిన్‌రూడ్ అనునతడు అమ్మకమునకు దెచ్చెను. నాటికిని నేటికిని రూపము మారినను, పెట్రోలు నడచు దారి తెలియుట కష్టము కాదు. పడవలో విడిగా నొక ట్యాంకుండును. దానినుండి రబ్బరు గొట్టము మోటారునకు బోవును. గొట్టము నడుమ చేతితో నొత్తుట కొక రబ్బరు బుడ్డి యుండును. దీనినే ప్రైమరు బల్బందురు. గొట్టము కొన మోటారునకు తగులుకొనుచోట బిగింపు, లోపల జల్లెడవంటి ఫిల్టరు, ఆపైని చిన్న పంపు, తుదకు కార్బురేటరు. పంపులో పలుచని పొర యొకటి యంత్రపు ఊపిరికి లోనికిని వెలికిని కదలుచు పెట్రోలును లాగుచుండును.

మోటారు ఆగిన తీరును మొదట గమనింపుడు. దీప మార్పినట్లు ఠక్కున నాగినచో విద్యుత్తు తెగియుండవచ్చును. ప్లగ్గును, తీగలను చూడవలెను. ఆయాసపడుచు, వేగము తగ్గుచు, మరల నొకమారు లేచి, పిదప నాగినచో పెట్రోలు అందలేదని యెంచవచ్చును. నడినీటిలో నున్నవారు త్రాడు లాగుటకు ముందు లంగరు వేయవలెను, లేదా తెడ్డు చేబట్టవలెను. మోటారును చూచుకొనుచుండగా ప్రవాహము పడవను బండలకడకు కొనిపోవును.

తరువాత ట్యాంకు మూతమీది గాలిమరను చూడుడు. దానిని విప్ప మరచుటయే యన్నిటికంటె తరచైన లోపము. ట్యాంకులోనికి గాలి రానిచో పెట్రోలు వెలికి రాదు. నిండు కుండకు సన్నని మూతి యొక్కటే యున్నచో నీరు గుటక గుటకగా వచ్చునుగాని ధారగా రాదు, ఇదియు నట్టిదే. మోటారు కొంతసేపు బాగుగా నడచి నాగును, గాలిమర విప్పగానే తిరిగి నడచును.

ఇక రబ్బరు బుడ్డి. నా యెరుకలో నింతకంటె చౌకయైన వైద్యుడు లేడు. దానిమీది బాణపుగుర్తు మోటారువైపునకు నుండవలెను. బాణము పైకి నుండునట్లు నిలిపి యొత్తుడు. నాలుగైదు మారులలో గట్టిపడవలెను. ఎంత యొత్తినను మెత్తగనే యున్నచో, ట్యాంకు ఖాళీయైనదో, బుడ్డికి ముందు గాలి దూరుచున్నదో, బుడ్డిలోని కవాటము చెడినదో కావచ్చును. మోటారు నడచుచుండగా బుడ్డి చప్పిడియై యుండిపోయినచో ట్యాంకువైపున అడ్డమున్నది: గాలిమర మూసియుండుటయో, గొట్టము మడతపడుటయో, ట్యాంకులోని పీల్చు గొట్టమునకు చెత్త పట్టుటయో. బుడ్డి రాయివలె గట్టిగా నుండియు మోటారుకు పెట్రోలు చేరనిచో అడ్డము ముందువైపున, అనగా బిగింపులోనో, ఫిల్టరులోనో, పంపులోనో, కార్బురేటరులోనో యుండును. ఆగబోవు మోటారు బుడ్డిని ఒత్తినంతసేపు మరల లేచుచున్నచో, లోని పంపు పొర చినిగెనేమో, గాలి దూరుచున్నదేమో చూడవలెను.

గాలి దూరుట మోసకరమైన లోపము. గొట్టము పగిలినచో పెట్రోలు కారునని మన మూహింతుము. కాని మోటారు నడచునప్పుడు పంపు లాగుచుండుటచే, పగులునుండి పెట్రోలు వెలికి రాక గాలి లోనికి బోవును. బయట తడి కనబడదు. మోటారు నాపి బుడ్డిని గట్టిగా నొత్తినప్పుడు మాత్రము ఆ పగులు చెమర్చును. బిగింపులోని రబ్బరు వాషరు అరిగినను ఇదే తీరు. వేరొక మంచి ట్యాంకును గొట్టమును తగిలించి చూచినచో లోపము వెలుపలనా, లోపలనా తేలిపోవును.

ఈ కాలమున మరియొక చిక్కు వచ్చినది. నేడు బంకులలో దొరకు పెట్రోలులో నూటికి 20 పాళ్ల వరకు ఇథనాలు కలిసియున్నది. ఇది గాలిలోని తేమను పీల్చుకొనును. నీరు హెచ్చినచో నీరును ఇథనాలును కలసి యడుగున వేరుపడును. పీల్చు గొట్టపు కొన యుండునదియు నడుగుననే. పాత రకపు రబ్బరు దీనికి తాళలేక గట్టిపడును, లోపలి పొర యూడి రేణువులు ఫిల్టరులో చేరును. అనుమానమున్నచో కొంచెము పెట్రోలును గాజుసీసాలో పోసి కాసేపు కదలించక నిలుపుడు. అడుగున వేరొక పొర తేరినచో దానిని మోటారులో పోయరాదు. వడగట్టి వాడుకొందమనుట వృథా. ఏటిలో పారబోయుట మరియు చెడ్డపని.

నూనె కలిపిన పెట్రోలుతో నడచు మోటారునకు ఈ యాకలి రెండింతల కీడు. పెట్రోలుతోనే నూనెయు వచ్చునుగదా. అది తగ్గగా పిస్టనుకు జిడ్డును తగ్గును. దగ్గుచున్న మోటారును బలవంతముగా పెద్ద వేగమున నడపువారు పిస్టనును కాల్చుకొందురు. చాల మోటారులకు 50 పాళ్ల పెట్రోలునకు ఒక పాలు నూనె, అనగా లీటరునకు 20 మిల్లీలీటర్లు. అయినను మీ మోటారుతో వచ్చిన పుస్తకము చెప్పినదే ప్రమాణము.

గొట్టమును నోటితో పీల్చరాదు, ఊదరాదు. రెండువైపుల విప్పి సైకిలు పంపుతో గాలి కొట్టుడు. బీడీలు దూరముగా నుండవలెను. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది గనుక పడవ యడుగున పొంచియుండును. ట్యాంకును పడవలో నుంచి నింపక, ఒడ్డునకు దించి నింపుడు.

వేసవికి ముందు మోటారును దాచునప్పుడు, దాని పాదము నీటిలో నుండగనే గొట్టము విప్పి, కార్బురేటరులోని పెట్రోలు తీరువరకు నడపుడు. మిగిలినది జిగురై సన్నని రంధ్రములను మూయును. ట్యాంకును ఖాళీచేసి యారబెట్టుడు. మృగశిరకార్తె రాగానే క్రొత్త పెట్రోలు పోసి, నీళ్ల డ్రమ్ములో పాదము ముంచి, పావుగంట నడపి చూడుడు. గొట్టమును వేళ్ల నడుమ వంచినప్పుడు బీటలు కానవచ్చినచో వాన పడకమునుపే మార్పింపుడు.