చిన్న వయసులో పక్షవాతం: ల్యూపస్ రోగులు, వారి ఇంటివారు తెలుసుకోవలసినవి

పక్షవాతం అనగానే అరవై దాటిన వయసు, రక్తపోటు, మధుమేహం మన మనసుకు వస్తాయి. ముప్ఫై ఏళ్లయినా నిండని స్త్రీకి ఒక ఉదయం మూతి వంకరపోయి, చేయి పడిపోయిందంటే ఇంటిల్లిపాదీ నమ్మలేరు. దిష్టి తగిలిందనో, గాలి సోకిందనో, నిద్రలేక వచ్చిన నీరసమనో అనుకుంటూ అమూల్యమైన సమయాన్ని పోగొడతారు. చిన్న వయసులో పక్షవాతాన్ని తెచ్చే వ్యాధులలో ల్యూపస్ ఒకటి. అది నాడీమండలాన్ని పట్టినప్పుడు ఏమి చేయాలో, ఏమి చేయరాదో పాఠకులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రంగు వెనుక దాగే మచ్చ

మద్రాసు నుంచి తరలివచ్చిన తెలుగు చిత్రపరిశ్రమకు జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాలు స్థిరనివాసాలు. నటి సమంత తనకు మయోసైటిస్ ఉన్నట్లు 2022 అక్టోబరులో స్వయంగా ప్రకటించారు. శరీరాన్ని కాపాడవలసిన రక్షణశక్తి శరీరం మీదనే తిరగబడే వ్యాధులు ఉన్నాయని ఆ ప్రకటనతో ఎందరికో తెలిసింది. మయోసైటిస్ ప్రధానంగా కండరాలను బాధిస్తుంది. ల్యూపస్ ఆ వ్యాధుల కోవకే చెందినదైనా చర్మం, కీళ్లు, మూత్రపిండాలు, గుండె, మెదడు — వేటినైనా పట్టగలదు. ఈ రోగులలో పదింట తొమ్మిది మంది స్త్రీలే. అందులోనూ 15 నుంచి 45 ఏళ్ల లోపు వారే ఎక్కువ.

బుగ్గల మీద సీతాకోకచిలుక రెక్కల వలె పరుచుకునే ఎర్రని మచ్చ, ఎండ తగిలితే పెరిగే దద్దురు, కీళ్లనొప్పులు, జుట్టు రాలడం, నోటిలో పుండ్లు, విడవని జ్వరం దీని సామాన్య లక్షణాలు. ముఖమే జీవనాధారమైన చోట ఆ మచ్చ మేకప్ కింద దాగిపోతుంది. మిట్టమధ్యాహ్నపు అవుట్‌డోర్ షూటింగులు, రాత్రి జాగరణలు, వేళ తప్పిన భోజనం వ్యాధిని రెచ్చగొడతాయి. పేరున్న తారలకే కాదు, రోజుకూలి మీద ఎండలో నిలబడే జూనియర్ ఆర్టిస్టులకు, నృత్యబృందాల అమ్మాయిలకు కూడా ఈ మాట వర్తిస్తుంది.

మెదడుకు ఎలా చేరుతుంది?

ల్యూపస్ వలన నాడీమండలంలో కలిగే 19 రకాల వికారాలను అమెరికా రుమటాలజీ వైద్యుల సంఘం 1999లో వర్గీకరించింది. మూర్ఛలు, మతిభ్రమ, తీవ్రమైన తలనొప్పులతో పాటు పక్షవాతమూ ఆ పట్టికలో ఉన్నది.

పక్షవాతానికి దారులు అనేకం. మొదటిది, యాంటీఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు. ఇవి రక్తాన్ని అకాలంగా గడ్డకట్టిస్తాయి. ల్యూపస్ రోగులలో సుమారు మూడవ వంతు మందికి ఇవి కనిపిస్తాయి. పదేపదే గర్భస్రావం కావడం, ఒక కాలు హఠాత్తుగా వాచి నొప్పిపెట్టడం వీటి హెచ్చరికలు. రెండవది, గుండె కవాటాల మీద ఏర్పడిన పొర తునిగి మెదడుకు చేరడం. మూడవది, మూత్రపిండాలు చెడి రక్తపోటు పెరగడం. నాలుగవది, రక్తనాళాలు త్వరగా గట్టిపడడం. రక్తనాళాలే వాచిపోవడం అరుదు. ప్లేట్‌లెట్లు బాగా తగ్గినవారికి మెదడులో రక్తస్రావం కూడా కావచ్చు.

మన చరకసంహిత చికిత్సాస్థానంలో 28వ అధ్యాయం వాతవ్యాధులకు సంబంధించినది. వాతం ధాతుక్షయం వలన గాని, మార్గానికి అడ్డు కలగడం వలన గాని ప్రకోపిస్తుందని అక్కడ చెప్పబడింది. తరువాతి అధ్యాయం వాతరక్తాన్ని వివరిస్తుంది. ల్యూపస్‌కు ప్రాచీన గ్రంథాలలో సరిగ్గా ఇదీ అని చూపదగిన పేరు లేదు. అయినా అడ్డు ఎక్కడ, క్షయం ఎక్కడ అని తేల్చిన తరువాతనే చికిత్స అనే సూత్రం నేటికీ వర్తిస్తుంది. గడ్డకు ఇచ్చే మందు రక్తస్రావంలో ప్రాణం తీస్తుంది. ఈ రెండింటి తేడాను నాడి చూచి చెప్పడం సాధ్యం కాదు. స్కానింగ్ తప్పనిసరి.

మొదటి గంటలు

మూతి వంకరపోవడం, చేయి లేవకపోవడం, మాట తడబడడం, హఠాత్తుగా చూపు మసకబారడం — వీటిలో ఏ ఒక్కటి కనిపించినా వెంటనే 108కు ఫోన్ చేయండి. మెదడు స్కానింగ్, నరాల వైద్యుడు ఉన్న పెద్ద ఆసుపత్రికే తీసుకువెళ్లండి. జూబ్లీహిల్స్‌లోని అపోలో, పంజాగుట్టలోని నిమ్స్ దగ్గరలో ఉన్నా, చెక్‌పోస్టు రద్దీలో అరగంట పోవడం నగరవాసులకు తెలిసినదే. లక్షణం మొదలైన గడియను కాగితం మీద వ్రాసుకోండి. గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. పెద్ద రక్తనాళం మూసుకుపోయిన కొందరికి గడ్డను గొట్టంతో తొలగించే అవకాశం 24 గంటల వరకు ఉండవచ్చు. ప్లేట్‌లెట్లు లక్ష కంటె తక్కువైనా, రక్తాన్ని పలుచబరచే మందు ప్రభావం ఎక్కువగా ఉన్నా ఆ ఇంజెక్షన్ ఇవ్వరు. కాబట్టి రోగికి ల్యూపస్ ఉన్నదనీ, ఏ మందులు వాడుతున్నదనీ వైద్యునికి ముందుగా చెప్పాలి.

ఈ సమయంలో నోట్లో కషాయం, తేనె, నీళ్లు పోయరాదు. మింగలేని రోగికి అవి ఊపిరితిత్తులలోకి పోతాయి. ముక్కులో చుక్కలు, పావురం రక్తం పూతలు, ఆస్పిరిన్ బిళ్ళ — ఏవీ వద్దు. పక్షవాతానికి మందిచ్చే ఊరు ఎక్కడో ఉన్నదని రోగిని రాత్రి బస్సు ఎక్కించడం ఆ నాలుగున్నర గంటలను చేజేతులా దారపోయడమే.

మరల రాకుండా

యాంటీఫాస్ఫోలిపిడ్ పరీక్షలు ఒకసారి చేస్తే చాలదు. పన్నెండు వారాల తరువాత మరల చేసి నిర్ధారిస్తారు. గడ్డ వలన పక్షవాతం వచ్చి ఈ యాంటీబాడీలు నిలకడగా ఉన్నవారికి సాధారణంగా వార్ఫరిన్ దీర్ఘకాలం ఇస్తారు. రక్తపరీక్షలో ఐ.ఎన్.ఆర్. 2కు 3కు మధ్య ఉండేలా చూస్తారు. పరీక్షలతో పని లేదని కొత్త తరం మందులకు సొంతంగా మారరాదు. మూడు రకాల యాంటీబాడీలూ ఉన్నవారిలో రివరాక్సబాన్ వార్ఫరిన్ అంతగా రక్షించలేదని 2018లో వెలువడిన పరిశోధన తేల్చింది. హైడ్రాక్సీక్లోరోక్విన్ ల్యూపస్ చికిత్సకు మూలాధారం. దానిని మానరాదు. కంటి పరీక్షలు మాత్రం వేళకు చేయించుకోవాలి. స్టెరాయిడ్ బిళ్ళలను హఠాత్తుగా ఆపితే ప్రాణాపాయం. ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక బిళ్ళలు వీరికి పనికిరావు. వార్ఫరిన్ గర్భస్థ శిశువుకు హాని చేస్తుంది కనుక సంతానం కోరే స్త్రీలు ముందే వైద్యునితో చెప్పాలి.

వంటింటి మందులతో జాగ్రత్త

• తిప్పతీగ, అశ్వగంధ: రక్షణశక్తిని పెంచుతాయని వాడతారు. ల్యూపస్‌లో తిరగబడింది ఆ శక్తే. 2020-21లో తిప్పతీగ వాడిన కొందరికి కాలేయం దెబ్బతిన్నట్లు ముంబయి వైద్యులు ప్రకటించారు. ఆ నిర్ధారణను ఆయుష్ శాఖ అంగీకరించలేదు. అయినా ల్యూపస్ రోగులు దూరంగా ఉండడమే మేలు.

• అతిమధురం: రక్తపోటును పెంచి, పొటాషియంను తగ్గిస్తుంది. స్టెరాయిడ్లతో కలిస్తే మరీ ప్రమాదం.

• వెల్లుల్లి, అల్లం, పసుపు: కూరలో వేసే పాటి మంచిదే. ముద్దలు, కషాయాలు, గుళికల రూపంలో అధికంగా వాడితే వార్ఫరిన్‌తో కలిసి రక్తస్రావం కలిగించవచ్చు.

• పాలకూర, తోటకూర, మునగాకు: వీటిలోని కె విటమిన్ వార్ఫరిన్‌కు విరుద్ధం. మానవద్దు. వారం వారం ఒకే పరిమాణంలో తినండి.

• భస్మాలు, రసౌషధాలు: మూత్రపిండాలు దెబ్బతిన్నవారు వీటి జోలికి పోరాదు.

• ఆవకాయ, అప్పడాలు: ఉప్పు తగ్గించితే రక్తపోటూ, వాపూ తగ్గుతాయి.

కోలుకునే దశలో

ప్రాణాపాయం గడిచిన పిమ్మట ఆయుర్వేదానికి సముచిత స్థానమున్నది. వైద్యుల అనుమతితో గోరువెచ్చని క్షీరబలా తైలంతో మృదువుగా అభ్యంగం చేయవచ్చు. కాని కాలు వాచి వేడిగా ఉంటే మర్దన నిషిద్ధం. అక్కడి గడ్డ కదిలి ఊపిరితిత్తులకు పోవచ్చు. స్పర్శ తెలియని అవయవానికి కాపడం పెడితే కాలుతుంది. వమన విరేచనాలు శరీరంలోని నీటిని తీసి రక్తాన్ని చిక్కబరుస్తాయి కనుక ఈ రోగులకు చేయించరాదు. కీలు పట్టుకుపోకుండా ఫిజియోథెరపీ, మాటకు స్పీచ్ థెరపీ ఎంత త్వరగా మొదలుపెడితే అంత ఫలితం. మెత్తని ఆహారం, వేళకు నిద్ర, గొడుగు, సన్‌స్క్రీన్ నిత్యావసరాలు. సెట్టు మీద నీడ కోరడానికి సిగ్గుపడవద్దు.

ల్యూపస్ ఉన్న ప్రతి ఒక్కరూ వ్యాధి పేరు, వాడే మందులు, చివరి ఐ.ఎన్.ఆర్., ప్లేట్‌లెట్ల సంఖ్య, వైద్యుని ఫోన్ నంబరు ఒక చీటీ మీద వ్రాసి పర్సులో ఉంచుకోవాలి. మాట పడిపోయిన వేళ రోగి తరఫున ఆ చీటీయే మాట్లాడాలి. ఆ పని ఈరోజే చేయండి.