విమానం పైకి పోతే దారి ఎంత పెరుగుతుంది?



ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, కిన్వట్ వైపు కళ్లంలో ఎడ్లతో బంతి తోలిన రోజులు మీ ఇళ్లలోని పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటాయి. నడుమ గుంజ. దాని పక్కన ముసలి ఎద్దు, అవతలి కొసన కోడె. ముసలిదాన్ని గుంజ దగ్గరే ఎందుకు కడతారో మీకు చెప్పక్కర్లేదు. లోపలిది మెల్లగా నడిస్తే చాలు, బయటిది పరుగు తీయాల్సిందే.

భూమి గుండ్రంగా ఉంది కాబట్టి విమానం కూడా ఆ కోడె లాంటిదే కదా, అంత పైకి పోయి దారి పొడుగు చేసుకోవడమెందుకు, కింద నుంచి పోతే ఇంధనం మిగలదా అని కొందరికి సందేహం. న్యాయమైన సందేహమే. దారి పెరిగే మాట నిజం. ఎంత పెరుగుతుందన్నదే చూడాలి.

2017 డిసెంబరులో నాందేడ్ నుంచి అమృత్‌సర్‌కు నేరుగా విమానం మొదలైంది. నేల మీద గీత గీస్తే ఈ రెండు ఊళ్ల మధ్య సుమారు 1,400 కిలోమీటర్లు. భూమి కేంద్రం నుంచి నేల దాకా 6,371 కిలోమీటర్లు. విమానం 11 కిలోమీటర్ల ఎత్తున పోతే అది 6,382 అవుతుంది. వెయ్యికి రెండు పాళ్లు కూడా పెరగలేదు. దారి కూడా అదే పాలులో పెరుగుతుంది. 1,400 కిలోమీటర్లకు పెరిగేది సుమారు 2.4 కిలోమీటర్లు. గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పోయే విమానానికి అది 11 సెకన్ల పని! మన హైదరాబాదు ప్రయాణంలో 5 కిలోమీటర్ల ఎత్తున పోయినా పెరిగేది 200 మీటర్ల లోపే.

పోనీ, భూమినంతా చుట్టి వస్తే? 40,000 కిలోమీటర్లకు 69 కిలోమీటర్లు ఎక్కువ. ఇందులో ఒక తమాషా ఉంది. చంద్రుడి చుట్టూ 11 కిలోమీటర్ల ఎత్తున తిరిగినా పెరిగేది ఆ 69 కిలోమీటర్లే. కళ్లం చిన్నదైనా పెద్దదైనా, ఎద్దును ఒక మీటరు బయటికి జరిపితే చుట్టుకు ఆరుంబావు మీటర్లే కదా పెరిగేది!

ఇంత చిన్న తేడాను కూడా వదలనివాళ్లు ఒకరున్నారు. వాళ్లు సర్వేయర్లు. 1815లో విలియం లాంబ్టన్ బృందం బీదర్ దగ్గర దమరగిద్దలో ఉక్కు గొలుసుతో నేల కొలిచింది. దక్కను సముద్ర మట్టానికి ఎత్తున ఉంది. 600 మీటర్ల ఎత్తున కొలిచిన 10 కిలోమీటర్ల గీతను సముద్ర మట్టానికి దించి లెక్క కడితే 94 సెంటీమీటర్లు తగ్గుతుంది. దేశమంతటి పటం గీయాలనుకునే వాళ్లకు అది పెద్ద తప్పే. లాంబ్టన్ ఆ పనిలోనే ఉండి 1823లో వార్ధా జిల్లా హింగన్‌ఘాట్‌లో కన్నుమూశాడు.

విమానం సంగతి వేరు. 11 కిలోమీటర్ల పైన గాలి సాంద్రత సముద్ర మట్టం దగ్గరున్న దానిలో మూడో వంతు కూడా ఉండదు. చీల్చుకుపోవాల్సిన గాలి పలచబడితే కలిగే ఆదా ముందు ఆ 2.4 కిలోమీటర్లు ఏపాటి? అయితే పైకెక్కడానికే చాలా ఇంధనం కావాలి. అందుకే హైదరాబాదు లాంటి దగ్గరి ఊళ్లకు అంత ఎత్తు ఎక్కరు.

అసలు బెడద గాలి వాటంతోనే. చలికాలంలో ఉత్తర భారతం మీద 12 కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు గాలి ఉరవడిగా వీస్తుంది. గంటకు 150 కిలోమీటర్లు దాటడం అక్కడ మామూలే. ఉత్తరంగా పోయే విమానానికి అది అడ్డగాలి. గోదావరి దాటే పడవవాడు ఎదుటి రేవుకు చేరాలంటే పడవ ముక్కును ఎగువకు తిప్పి వేస్తాడు చూడండి, పైలట్ చేసేదీ అదే. అలా ముక్కు పడమటికి తిప్పి పోతే గంటకు 800 కిలోమీటర్లు పోయే విమానం 786 కిలోమీటర్లే ముందుకు సాగుతుంది. గంటకు 14 కిలోమీటర్ల నష్టం! అందుకే బయలుదేరే ముందు ఏ ఎత్తున ఏ గాలి వీస్తోందో చూసుకుంటారు, అవసరమైతే దారిలో కూడా ఎత్తు మార్చుకుంటారు.