ఒక్క విద్యార్థినితో ఆరంభమైన కళాశాల

హుగ్లీ నది తూర్పు ఒడ్డున, కోల్‌కతా మహానగరానికి నైరుతి దిశలో బడ్జ్ బడ్జ్ పట్టణమున్నది. జనపనార మిల్లులకు ప్రసిద్ధి చెందిన ఈ పట్టణాన్ని నగరంలోని శియాల్దా స్టేషనుతో రైలుమార్గం కలుపుతున్నది. పాశ్చాత్య దేశాల పర్యటన ముగించుకొని వచ్చిన స్వామి వివేకానంద 1897 ఫిబ్రవరిలో ఇక్కడనే ఓడ దిగి, ఈ మార్గాననే శియాల్దా చేరుకొన్నారు. హుగ్లీ తీరపు మిల్లులలో పని కోసం విశాఖపట్నం, గంజాం ప్రాంతాల నుండి తెలుగువారు కూడ వలస వచ్చారు. ఇటువంటి శ్రామిక పట్టణాల బాలికలు రైలెక్కి నగరంలోని కళాశాలకు పోయి చదువుకొనడం నేడు ఎవరికీ వింతగా తోచదు. కాని ఈ సామాన్య విషయం వెనుక ఒక అసామాన్య చరిత్ర ఉన్నది. ఉత్తర కోల్‌కతాలో, హేదువా చెరువుకు ఎదురుగా ఉన్న బెథూన్ కళాశాల ఆ చరిత్రకు నిలయం.

ఇరువది యొక్క మంది బాలికలు

1849 మే 7వ తేదీన జాన్ ఇలియట్ డ్రింక్‌వాటర్ బెథూన్ కలకత్తాలో బాలికల పాఠశాలను ప్రారంభించారు. రాంగోపాల్ ఘోష్, దక్షిణారంజన్ ముఖర్జీ, పండిత మదనమోహన తర్కాలంకార్ ఆయనకు అండగా నిలిచారు. తొలుత చేరినవారు 21 మంది. తర్కాలంకార్ తన ఇద్దరు కుమార్తెలను చేర్పించి, లోకనిందకు వెరువక మార్గదర్శకులైనారు. 1850లో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ పాఠశాల కార్యదర్శిత్వం స్వీకరించారు. బాలికలను తీసుకొనివచ్చే బండిపై ఒక సంస్కృత వాక్యాన్ని వ్రాయించారు. కుమార్తెను కూడ శ్రద్ధతో పెంచి, ప్రయత్నపూర్వకంగా చదివించవలెనని దాని భావం. ఇంటి గడప దాటిన బాలికకు శాస్త్రమే తోడున్నదని వీధిలోని వారికి తెలియజెప్పే ఉపాయమది.

ఏమి చదువవలెను?

బాలికలు చదువవచ్చునా అనే ప్రశ్న క్రమంగా సద్దుమణిగినది. ఆపై మరింత జటిలమైన ప్రశ్న తలెత్తినది. వారు ఏమి చదువవలెను? గృహజీవితానికి ఉపకరించే విద్య చాలునని, గణితం, తర్కం వంటివి స్త్రీలకు అనవసరమని సంస్కర్తలలోనే కొందరు వాదించారు. బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్ర సేన్ అభిప్రాయమదే. ద్వారకానాథ్ గంగూలీ, దుర్గామోహన్ దాస్ మొదలైనవారు దీనితో ఏకీభవించలేదు. పురుషులకు ఏ పాఠ్యప్రణాళికయో స్త్రీలకు కూడ అదే ఉండవలెనని వారు పట్టుబట్టారు. వారు నడిపిన వంగ మహిళా విద్యాలయం 1878లో బెథూన్ పాఠశాలలో విలీనమైనది.

ఆ సంవత్సరమే కాదంబినీ బసు కలకత్తా విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షలో ఉత్తీర్ణురాలైనది. ఆమె పై చదువు కోసం 1879లో బెథూన్ పాఠశాలలో కళాశాల తరగతులు ఏర్పడినవి. అప్పుడు ఆ తరగతులలో విద్యార్థిని ఆమె ఒక్కరే. ఒక్కరి కొరకు కళాశాల నడపడం వృథావ్యయమని తోచవచ్చును. కాని ఆ ఒక్కరి వెనుక వచ్చేవారికి దారి వేయడమే దాని అసలు ప్రయోజనం.

దారి త్వరలోనే విశాలమైనది. మొదట హిందూ బాలికలనే చేర్చుకొన్న ఈ సంస్థ క్రైస్తవ కుటుంబానికి చెందిన చంద్రముఖీ బసుకు కూడ బి.ఏ. తరగతిలో చోటిచ్చినది. ఒక బ్రహ్మసమాజ యువతి, ఒక క్రైస్తవ యువతి కలసి చదివి, 1883లో భారతదేశపు తొలి మహిళా పట్టభద్రులైనారు. అప్పటికి ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాలు స్త్రీలకు పట్టాలు ఇవ్వడం లేదు. ఆక్స్‌ఫర్డ్ 1920లోను, కేంబ్రిడ్జి 1948లోను ఆ అవకాశం కల్పించినవి.

విద్యార్థినులే అధ్యాపకులు

చంద్రముఖి 1884లో ఎం.ఏ. పట్టా పొంది, బెథూన్‌లోనే అధ్యాపకురాలై, 1888లో ప్రిన్సిపాల్ అయినారు. 1886లో సంస్కృతంలో ఆనర్సు పట్టా పొందిన కామినీ సేన్ కూడ అక్కడనే బోధించారు. కామినీ రాయ్‌గా ప్రసిద్ధికెక్కిన ఈ కవయిత్రి అనంతరకాలంలో స్త్రీల ఓటుహక్కు కోసం కృషిచేశారు. తర్కం స్త్రీలకెందుకని అడిగినవారికి ఆమె జీవితమే సమాధానమైనది.

ఈ విద్యాయాత్రకు దక్షిణదేశం కూడ ఆశ్రయమిచ్చినది. కలకత్తా వైద్య కళాశాల స్త్రీలను చేర్చుకొనని రోజులలో, దుర్గామోహన్ దాస్ కుమార్తె, బెథూన్ పాఠశాల విద్యార్థిని అబల 1882లో మద్రాసు వైద్య కళాశాలలో చేరారు. అనారోగ్యం వల్ల ఆ చదువు పూర్తికాలేదు. అయినను ఆమె, అనంతరం శ్రీమతి అబలా బోస్‌గా, 1919లో నారీశిక్షా సమితిని స్థాపించి గ్రామీణ బాలికల విద్యకు పాటుపడినారు. 1883లో కలకత్తా వైద్య కళాశాల కూడ తలుపులు తెరువగా, కాదంబిని అందులో చదివి 1886లో వైద్యురాలైనారు.

కళాశాల జీవితం పాఠ్యగ్రంథాలతో ముగియలేదు. స్వాతంత్ర్యోద్యమం తరగతి గదులలోకి కూడ ప్రవేశించినది. బెథూన్‌లో తత్త్వశాస్త్రం చదివిన ప్రీతిలతా వద్దేదార్ 1932లో చిట్టగాంగు విప్లవోద్యమంలో ప్రాణాలర్పించారు. విదేశీ ప్రభుత్వకాలంలో నిలిపివేసిన ఆమె పట్టాను కలకత్తా విశ్వవిద్యాలయం 2012లో ప్రదానం చేసినది.

తెలుగునాట

వంగదేశంలో సాగిన ఈ సంవాదం తెలుగుదేశానికి కొత్త కాదు. దక్షిణదేశపు విద్యాసాగరుడని పేరొందిన కందుకూరి వీరేశలింగం పంతులు 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల స్థాపించారు. హైదరాబాదులో 1924లో ఆరంభమైన మహిళా కళాశాల అనంతరం కోఠీలోని రెసిడెన్సీ భవనానికి తరలి, 2022లో విశ్వవిద్యాలయంగా రూపొందినది.

మహిళా కళాశాల ఇచ్చేది పట్టా మాత్రమే కాదు. స్వతంత్రంగా ఆలోచించడం, ఆలోచించినదానిని నిర్భయంగా చెప్పడం అది నేర్పుతుంది. అన్నిటికంటె ముఖ్యంగా, తాను నడిచిన దారిలో మరొకరికి చోటివ్వడం నేర్పుతుంది. 1879లో ఒక్క విద్యార్థిని కూర్చున్న తరగతి మనకు మిగిల్చిన పాఠమిదే. ఏ పల్లెలోనైనా, ఏ మిల్లు బస్తీలోనైనా, చదువుకొంటానని ఒక్క బాలిక ముందుకు వచ్చిన నాడు, ఒక్కరే కదా అని ఆమెను వెనుకకు పంపరాదు.