తీర ఇసుకదిబ్బలపై వృక్ష అనుక్రమం: నులిపురుగుల పాత్ర

ఉపోద్ఘాతం:

ఒక ప్రదేశంలో ఒక మొక్కల సముదాయం స్థానాన్ని కాలక్రమంలో మరొకటి ఆక్రమించడాన్ని వృక్ష అనుక్రమం అంటారు. సముద్రతీరపు ఇసుకదిబ్బలపై జరిగే ఈ మార్పును చాలాకాలం ఉప్పుగాలి, ఇసుక కదలిక, పోషకాల లభ్యత, మొక్కల మధ్య పోటీ అనే కారణాలతోనే వివరించేవారు. నెదర్లాండ్స్ తీరంలో 1980ల నుండి జరిగిన పరిశోధనలు నేలలోని జీవులను కూడా వీటి సరసన చేర్చాయి.

ఇసుక మేట - మారమ్ గడ్డి:

అక్కడ సముద్రానికి ఎదురుగా ఉండే దిబ్బలపై ప్రధానమైన మొక్క మారమ్ గడ్డి. దీని శాస్త్రీయనామం అమ్మోఫిలా అరనేరియా. గాలికి కొట్టుకువచ్చే ఇసుకను ఇది పట్టి నిలుపుతుంది. అందుచేత లోతట్టు భూములకు రక్షణగా ఉన్న దిబ్బలపై దీనిని ప్రత్యేకంగా నాటుతారు. కొత్త ఇసుక మేట వేస్తున్నంతకాలం ఈ గడ్డి ఏపుగా పెరుగుతుంది, మేట ఆగినచోట క్షీణిస్తుంది. అనేక మొక్కలకు హాని చేసే పూడిక దీనికి మేలు చేయడానికి ఒక కారణం వేళ్లవద్ద ఉంది. వేళ్లను ఆశించే నులిపురుగులు, శిలీంధ్రాలు పాత వేళ్ల చుట్టూ పోగుపడతాయి. తీరం నుండి వచ్చిన తాజా ఇసుకలో అవి బహుస్వల్పం. అందులోకి కొత్త వేళ్లు వేసిన గడ్డి కొంతకాలం వాటి బారినుండి తప్పించుకుంటుంది.

ప్రయోగ నిరూపణ:

వాన్ డెర్ పుట్టెన్, ఆయన సహపరిశోధకులు మారమ్ వేళ్ల చుట్టూ ఉన్న ఇసుకను గామా కిరణాలతో నిర్జీవం చేసి, అందులో ఈ గడ్డిని పెంచారు. నిర్జీవం చేయని ఇసుకలో కంటే అది మెరుగ్గా పెరిగింది. 1993లో 'నేచర్' పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, అనుక్రమంలో ఒకదాని తరువాత ఒకటి వచ్చే మొక్కలను పరస్పరం వాటి నేలల్లో పెంచి చూశారు. తరువాతి దశ మొక్కలు ముందు దశ నేలలోని వ్యాధికారకాలను తట్టుకున్నాయి. ముందు దశ మొక్కలు మాత్రం తరువాతి దశ నేలల్లో దెబ్బతిన్నాయి. అంటే నేలలోని జీవులు పోటీ ఫలితాన్ని తరువాత వచ్చే మొక్కవైపు మొగ్గేలా చేస్తున్నాయి.

నులిపురుగులే కారణమా?

మారమ్ వేళ్లలో తిత్తి నులిపురుగు హెటెరోడెరా అరనేరియా, వేరుబుడిపె నులిపురుగు మెలాయిడోగైనె మారిటిమా వంటివి కనిపిస్తాయి. అయితే వాటి ఉనికి ఒక్కటే రుజువు కాదు. నేలను నిర్జీవం చేస్తే నులిపురుగులతోపాటు శిలీంధ్రాలు, బ్యాక్టీరియా కూడా నశిస్తాయి, కొంత పోషకం విడుదలవుతుంది. నులిపురుగులను మాత్రమే విడిగా చేర్చిన ప్రయోగాల్లో సహజ నేలలో కనిపించినంత నష్టం తరచుగా రాలేదు. శిలీంధ్రాలు తోడైనప్పుడు హాని పెరిగింది. మరోవైపు టైలెంకోరింకస్ వెంట్రాలిస్ అనే నులిపురుగు స్వేచ్ఛగా వృద్ధి చెందితే గడ్డిని తీవ్రంగా దెబ్బతీయగలదు. క్షేత్రంలో నేల సూక్ష్మజీవులు దాని సంఖ్యను అదుపులో ఉంచుతున్నాయి.

ముగింపు:

కాబట్టి అనుక్రమానికి నులిపురుగులను ఏకైక కారణంగా చెప్పడం కుదరదు. వేరు, నులిపురుగు, శిలీంధ్రం, సూక్ష్మజీవుల మధ్య సంబంధాల మొత్తం ఫలితమే ఈ మార్పు. నేలలో నులిపురుగులను లెక్కించడంతో అధ్యయనం ముగియరాదు, వాటిని విడిగానూ కలిపీ చేర్చి పరీక్షించాలి. దిబ్బల సంరక్షణకూ ఇందులో ఒక హెచ్చరిక ఉంది. ఇసుక కదలికను పూర్తిగా ఆపితే, దిబ్బను నిలబెట్టే గడ్డికి తప్పించుకునే దారి మూసుకుపోతుంది.